రెండు పురుళ్ళ ఇల్లు

మా గురువుగారు విశ్వంభర శర్మగారిని ఏమైనా అడగవచ్చు, ఎన్నాళ్ళు అని మాత్రం అడగకూడదు. ఎందుకు అంటే చెబుతారు, ఎలా అంటే ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చెబుతారు. ఎన్నాళ్ళు అన్నారా, కళ్ళజోడు తీసి ఉత్తరీయం అంచుతో తుడవడం మొదలుపెడతారు. ఆయన అది తుడిచి మళ్ళీ పెట్టుకునేలోపు అడిగినవాళ్ళకు తమ ప్రశ్న మీద తమకే అనుమానం వచ్చేస్తుంది. రామచంద్రపురంలో ఆదివారం ఉదయం గీతపాఠానికి వచ్చే మా పదిహేను మందికీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా అడిగినవాడు మృత్యుంజయం ఒక్కడే.

మృత్యుంజయం కరెంటాఫీసులో ఇంజనీరు. మంచివాడు, కాస్త తొందర మనిషి. మూడేళ్ళ నాలుగు నెలలుగా రోజూ జపం చేస్తున్నాడు. ఈ నాలుగు నెలల చిల్లర కూడా అతను చెప్పిందే, నేను లెక్కపెట్టింది కాదు. ఆ ఆదివారం పాఠం ముగిసి అందరం కాఫీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నప్పుడు అతను గొంతు సవరించుకున్నాడు.

"గురువుగారూ, మీరు చెప్పినట్టే చేస్తున్నానండి. మనసు మాత్రం ఇంకా కుదురుగా ఉండడం లేదు. ఇది ఒక దారికి రావడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుందండి?"

మేమందరం అతని వంక జాలిగా చూశాం. గురువుగారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. ఆ రోజు ఎందుకో నవ్వు ముఖంతో, కాకినాడలో తన శిష్యుడు ఉమాకాంత్ ఇల్లు మారిన సంగతి చెప్పారు. నాకు గుర్తున్నంతవరకు దాన్ని నా మాటల్లో రాస్తున్నాను. మధ్యలో వెటకారం కనిపిస్తే అది నాదే, ఆయనది కాదు.

ఉమాకాంత్ ఒక బస్సుల కంపెనీలో పనిచేస్తాడు. ఏ బస్సు ఏ ఊరికి ఏ నిమిషానికి చేరాలో కాగితం మీద వేయడం అతని ఉద్యోగం. భార్య పేరు హైమ. దసరా వెళ్ళగానే హైమకు మూడో నెల అని తెలిసింది. అప్పటికి వాళ్ళుండేది మూడో అంతస్తులో ఒకే పడగ్గది ఉన్న ఫ్లాటులో. దానికి లిఫ్టు లేదు. బిడ్డను చంకనేసుకుని రోజుకు నాలుగుసార్లు ఆ మెట్లు ఎక్కి దిగడం ఎవరి వల్లా కాదు కాబట్టి, దాన్ని అమ్మేసి కింద నేల మీద ఉండే ఇల్లు కొనుక్కోవాలని ఇద్దరూ అనుకున్నారు.

హైమ రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్ల. తండ్రికి బదిలీ వచ్చినప్పుడల్లా పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోవడమే, ఏ గోడకూ ధైర్యంగా మేకు కొట్టింది లేదు. తల్లి చిన్నప్పుడే పోయింది, పురిటికి వెళ్ళడానికి పుట్టిల్లు లేదు. అందుకని ఆమె భర్తను ఒకే ఒక్కటి కోరింది. ఆసుపత్రి నుంచి బిడ్డను తిన్నగా బిడ్డ ఇంటికే తీసుకువెళ్ళాలి. అద్దె కొంప నుంచి అద్దె కొంపకు మోసుకు తిరగడం తనతోనే ఆగిపోవాలి. ఉమాకాంత్ సరేనన్నాడు. భార్య అడిగింది ఆ ఒక్కటే కాబట్టి అతనికి దాని మీద పట్టుదల కూడా ఎక్కువైంది.

అతను పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి గీతలు గీశాడు. ఒక పక్క ఇల్లు, ఒక పక్క బిడ్డ. ఫ్లాటు అమ్మకానికి రెండు నెలలు, ఇల్లు చూసి కాగితాలు సరిచూసుకుని కొనడానికి నెలన్నర, సామాన్లు చేర్చడానికి వారం. ఈలోగా పిఠాపురం నుంచి మేనత్త ఫోన్ చేసి, ఏడో నెల వచ్చాక గృహప్రవేశం చేసుకోకూడదని చెప్పింది. అది కూడా గీతల్లో ఇమిడిపోయింది. మాఘమాసంలో పాలు పొంగించుకుంటారు, చైత్రంలో బిడ్డ పుడుతుంది. కాగితం మీద బస్సు ఎప్పుడూ ఆలస్యం కాదు.

ఫ్లాటు చూడడానికి వచ్చినవాళ్ళు మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చెబుతామని దిగిపోయేవారు. మూడు నెలలు ఇలా నీళ్ళు పోయడంతోనే సరిపోయింది. చివరికి జనవరిలో కొత్తగా పెళ్ళైన జంట ఒకటి వచ్చింది. ఒకరినొకరు చూసుకుంటూ ఎక్కారేమో, వాళ్ళకు మెట్లు కనపడలేదు. బేరం కుదిరింది. వాళ్ళకు మార్చి పదో తేదీ గృహప్రవేశం ముహూర్తం, కాబట్టి ఆ రోజు ఉదయానికి ఖాళీ చేసి ఇవ్వాలి.

కొనబోయే ఇల్లు ఊళ్ళోనే, జగన్నాథపురంలో. రెండు గదులు, హాలు, వెనకాల కాస్త పెరడు. అమ్మేది దమయంతి గారని హైస్కూల్లో లెక్కల టీచరు. సామర్లకోట స్కూలుకు బదిలీ కావడంతో ఆవిడ అక్కడికి మారిపోదామనుకుంటున్నారు. అగ్రిమెంటు రాసుకున్నారు. ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే లింకు కాగితాలు చూసిన ప్లీడరు, ఆవిడ చనిపోయిన భర్త తాలూకు అక్కగారి సంతకం కూడా కావాలన్నాడు. ఆ అక్కగారు మనవరాలి పురిటికని భిలాయ్ వెళ్ళి కూర్చున్నారు. సరే అనుకునేలోపు దమయంతి గారి అమ్మాయి స్రవంతి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆ పుట్టిల్లు ఈ ఇల్లే. అమ్మాయికి మార్చిలో పురుడు, పుట్టాక మూడు నెలలు నిండేదాకా బాలింతను, పసిగుడ్డును కదిపేది లేదని దమయంతి గారు మర్యాదగానే అయినా గట్టిగా చెప్పేశారు.

అంటే ఇల్లు చేతికొచ్చేది జూన్‌లో. ఫ్లాటు వదలాల్సింది మార్చిలో. సరిగ్గా ఆ మధ్యన హైమ పురుడు.

ఉమాకాంత్‌కు అన్నం సహించడం మానేసింది. ఆఫీసుకు వెళుతూ ఒకసారి, వస్తూ ఒకసారి జగన్నాథపురంలో ఆగి, ఇంకా ఎన్నాళ్ళంటారు అని దమయంతి గారిని అడిగేవాడు. ప్లీడరును అడిగాడు, బ్యాంకులో అడిగాడు, భిలాయ్‌కి ఫోన్ చేసి ఆ మనవరాలికి నెలలు నిండాయా అని కూడా అడిగాడు. ఒకరోజు నిండు చూలాలైన స్రవంతినే అడిగేశాడు. ఆ పిల్ల అరుగు మీద కూర్చుని జామకాయ తింటోంది. కోపం తెచ్చుకోలేదు సరికదా, పొట్ట వైపు చూపించింది.

"నన్నడిగితే నాకేం తెలుసన్నయ్యగారూ, లోపల వాళ్ళని అడగండి" అంది.

మూడు నెలలకు అద్దె ఇల్లు చూద్దామంటే అది ఇంకో తంటా. ఇల్లు చూపించినంతసేపూ బాగానే మాట్లాడేవారు. ఎన్నో నెలమ్మా అని హైమను అడిగి, ఎనిమిది అనగానే ఇంటివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. పురిటి మైల తమ పూజగదికి తగులుతుందని ఒకరన్నారు. అద్దెకున్నవాళ్ళ పురుడు ఇంటికి అచ్చిరాదని ఒకరన్నారు. పురుడయ్యాక తప్పకుండా రమ్మని ఇంకొకరు ప్రేమగా సాగనంపారు. నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాక, ఆటోలో ఉమాకాంత్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

హైమ చేసిందల్లా ఒకటే. వారానికి మూడు నాలుగుసార్లు మధ్యాహ్నం పూట ఆ ఇంటికి వెళ్ళి కూర్చునేది. మొదట కిటికీ తెరలకు కొలతలు తీసుకుంటానని వెళ్ళింది. తెరలు కుట్టడం అయిపోయాక కూడా వెళ్ళింది. స్రవంతి, తనూ కలిసి పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టుకునేవారు, ఆవకాయ నంజుకుని మరమరాలు తినేవారు, కాళ్ళ వాపులు ఎవరివి ఎక్కువో పోల్చుకుని నవ్వుకునేవారు. మున్సిపాలిటీ నీళ్ళు ఎన్నింటికి వస్తాయో, వెనక తలుపు గడియ ఎత్తి పట్టుకుంటే గానీ ఎందుకు పడదో, పొద్దుటెండ ఏ గదిలో పడుతుందో హైమకు తెలిసిపోయింది. పాలబ్బాయి ఆమెనే ఇంటావిడ అనుకుని సెలవు చెప్పి వెళ్ళేవాడు. దమయంతి గారు బడి నుంచి వచ్చేసరికి టీ తయారుగా ఉండేది.

మార్చి పదో తేదీ రానే వచ్చింది. అద్దె ఇల్లు దొరకలేదు. సామాను ఒక స్నేహితుడి షెడ్డులో పెట్టి, హైమను బెజవాడలో తన అన్నగారి రెండు గదుల ఇంటికి పంపాలన్నది ఉమాకాంత్ ఆఖరి ఏర్పాటు. సామాన్లు దించేటప్పుడు దుమ్ములో ఎందుకని, పొద్దున్నే హైమను జగన్నాథపురంలో దింపాడు. సామాను షెడ్డుకు చేర్చాక, ఐదో ఇల్లొకటి ఉందని ఎవరో చెబితే, అదీ చూసొస్తానని వెళ్ళాడు. దమయంతి గారికి ఆ రోజు పరీక్షల డ్యూటీ, ఫోన్ ఆపేసి ఆఫీసు గదిలో పెట్టి ఉంది.

తొమ్మిదిన్నరకు స్రవంతికి నొప్పులు వచ్చాయి. ఇంట్లో ఉన్నది ఎనిమిదో నెల హైమ ఒక్కతే. ఆమె గాభరా పడలేదు. తలుపు తాళం వేసి, సంచి భుజాన తగిలించుకుని, స్రవంతిని పట్టుకుని నడిపించి ఆటో ఎక్కించింది. నర్సింగ్ హోమ్ దగ్గర దిగినప్పుడు ఇద్దరిలో పేషెంటు ఎవరో తెలియక ఆయా చక్రాల కుర్చీని హైమ ముందుకు తోసిందట. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఆడపిల్ల పుట్టింది. పరీక్ష అవగానే పరుగెత్తుకొచ్చిన దమయంతి గారు, మనవరాలిని చూసుకుని, కళ్ళు తుడుచుకుని, హైమ చేతిలో ఉన్న తాళం చెవిని వెనక్కి తీసుకోలేదు.

"అమ్మాయ్, నీ దగ్గరే ఉంచు. నేను దీన్ని వదిలి రాలేను. ఇంటికెళ్ళి పాలు కాచి ఫ్లాస్కులో పంపించు తల్లీ."

హైమ వెళ్ళింది. తలుపు తీసింది, గడియ ఎత్తి పట్టుకుని వెనక తలుపూ తెరిచింది, పాలు పొయ్యి మీద పెట్టింది. ఫ్లాస్కు ఎక్కడుందో మాత్రం ఆమెకు తెలియలేదు. అటకా గూళ్ళూ వెతుకుతూ ఉండగా, ఐదో ఇంట్లో కూడా పురుడు వద్దనిపించుకుని వాడిపోయిన ముఖంతో ఉమాకాంత్ వచ్చాడు. అతను గుమ్మంలో అడుగుపెట్టడం, వంటింట్లో పాలు బుస్సుమని పొంగి పొయ్యంతా పారడం ఒక్కసారే జరిగాయి.

అతను అక్కడే నిలబడిపోయాడు. వర్జ్యం చూడలేదు, దిక్కు చూడలేదు, ఏడో నెల దాటి ఎన్నాళ్ళో అయింది, రిజిస్ట్రేషను కాలేదు, ఇల్లు తమది కాదు. పాలు మాత్రం పొంగాయి. హైమ గుడ్డతో పొయ్యి తుడుస్తూ, మిగిలిన పాలు చాలుతాయా అని చూసుకుంటోంది.

ఫ్లాస్కు పట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి, ఇలా అపచారం జరిగిందని ఉమాకాంత్ దమయంతి గారికి నేరం ఒప్పుకున్నట్టు చెప్పాడు. ఆవిడ పడీ పడీ నవ్వారు.

"పొంగాయి కదా? అయితే మీ గృహప్రవేశం అయిపోయిందండీ. ఇంక బెజవాడెందుకు? ముందు గది మీరు తీసుకోండి, వెనక గది మేము తీసుకుంటాం. ఎలాగూ నా చేతులతో ఒక పురుడు పోస్తున్నాను, రెండోది నాకు బరువా?"

ముహూర్తం ఎవరు పెట్టారురా అని పిఠాపురం మేనత్త ఫోన్లో నిలదీస్తే, పాలే పెట్టుకున్నాయత్తా అన్నాడట ఉమాకాంత్. అతను హాస్యమాడడం ఆవిడ వినడం అదే మొదటిసారి.

ఏప్రిల్‌లో హైమకు కొడుకు పుట్టాడు. ఆసుపత్రి నుంచి తిన్నగా ఆ ఇంటికే వచ్చింది. దమయంతి గారు గుమ్మంలో దిష్టి తీసి, కన్నకూతురిని పిలిచినట్టు లోపలికి పిలిచారు. ఆ క్షణాన మాత్రం హైమ ఏడ్చింది. రెండు నెలలు ఆ ఇంట్లో అమ్మినవాళ్ళ పిల్ల, కొన్నవాళ్ళ పిల్లాడు ఒకే ఉయ్యాలలో వంతులేసుకుని పడుకున్నారు. ఒకరు నిద్రపోతే ఇంకొకరు లేచేవారు, పెద్దవాళ్ళకు మాత్రం నిద్ర లేదు. జూన్‌లో దమయంతి గారు సామర్లకోటకు, స్రవంతి అత్తవారింటికి వెళ్ళారు. నెలాఖరున భిలాయ్ అక్కగారు వచ్చి సంతకం పెట్టారు. ఆ రోజు రిజిస్ట్రేషనుకు వెళ్ళాలన్న మాట ఉమాకాంత్ మరిచిపోతే, ప్లీడరే ఫోన్ చేసి పిలిపించుకున్నాడు.

గురువుగారు అక్కడితో ఆపి, చల్లారిన కాఫీ తాగారు. మృత్యుంజయం వేళ్ళు మడిచి లెక్కపెడుతున్నాడని నేను గమనించాను.

"దసరా దగ్గర్నుంచి అయితే మొత్తం తొమ్మిది నెలలు పట్టిందన్నమాటండి" అన్నాడు.

"అది ఉమాకాంత్ లెక్క" అన్నారు గురువుగారు.

మృత్యుంజయం మడిచిన వేళ్ళు విప్పాడు. ఏదో అందీ అందనట్టుంది అతని ముఖం. "గురువుగారూ, ఆయన అందరినీ అడిగాడు కదండీ. మరి హైమగారు ఇంకా ఎన్నాళ్ళని ఒక్కసారి కూడా అడగలేదా?"

"ఆవిడ మోస్తోంది కదా నాయనా" అన్నారు గురువుగారు, గ్లాసు కింద పెడుతూ. "అడిగే తీరికెక్కడిది?"