రాజుగారిల్లు ఇదేనా?

మొదట హిమజ తేల్చిన లెక్క ఎనభై మూడు. ముందురోజు ఆసుపత్రి సర్వర్‌లో నమోదైన తప్పు పాస్‌వర్డ్‌లు అన్ని. ఉద్యోగుల పేర్ల వరసలో పేర్చి చూస్తే ఎవరి పేరు మీదా ఒకటికి మించి లేదు. ఒకే పేరు మీద తప్పులు వరసగా పడితేనే అది దాడి అని ఆమె చదువుకుంది. బయటినుంచి లాగిన్ అయ్యే దారిని ఉంచాలో మూయాలో ఆసుపత్రి కంప్యూటర్ల భద్రత చూసే మనిషిగా సాయంత్రంలోగా ఆమే చెప్పాలి. మూస్తే ఇంటినుంచి రిపోర్టులు చూసే డాక్టర్లు ఊరుకోరు. ఉంచితే, ఊళ్ళో సగంమంది జబ్బుల చిట్టా ఆ దారికి అవతలే ఉంది.

"మనిషికొక్క తప్పు. వేలు జారితే చాలు. దీన్ని దాడి అనడం ఎలా మాస్టారూ?"

అడిగిన వెంటనే జవాబు చెప్పడం, ఆమెకు ఈ పని నేర్పిన ఖాదర్ వలీ మాస్టారికి అలవాటు లేదు. ముందు భోజనం చేద్దాం రమ్మని తన ఫ్లాటుకు బయల్దేరదీశారు. ఆమె ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెంట నడిచింది.

మూడో అంతస్తులో గుమ్మం ముందు బెండకాయలు తరుగుతున్నావిడ తలెత్తి, రాజుగారంటే ఎవరండీ, పొద్దున ఎవరో బెల్లు కొట్టి అడిగిపోయాడు అంది. ఇల్లు తప్పి వచ్చుంటాడని హిమజ నవ్వింది. మాస్టారు నవ్వలేదు. పక్కింటి తలుపు తట్టారు. అక్కడా అదే మాట. ఎదురింట్లోనూ అంతే. ప్రతి ఇంటికీ ఒక్కసారే వచ్చాడు, లేరనగానే మర్యాదగా వెళ్ళిపోయాడు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

అంతలో చివరి ఫ్లాటు విశాలాక్షి, కూతురింటినుంచి సంచీతో మెట్లెక్కి వచ్చింది. సంగతి విని, "మా ఇంట్లో మనుషులుంటేగా అడగడానికి! మా జోలికెవరొస్తారు మాస్టారూ" అంటూ తాళంచెవి పెట్టబోయింది. చెవి తగలగానే తలుపు దానంతటదే వెనక్కి పోయింది. లోపల బీరువా బార్లా తీసి ఉంది. ఆమె సంచీ జారిపోయినా చూసుకోకుండా గడప మీద కూలబడింది.

మాస్టారు పోలీసులకు ఫోన్ చేసి, ఆమెకు మంచినీళ్ళు ఇప్పించారు. హిమజ మాత్రం మెట్ల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. పేర్ల వరసలో ఉన్న తప్పుల్ని ఈసారి అవి పడిన సమయాల వరసలో పేర్చింది.

వరస మారలేదు.

అనసూయ, తర్వాత అన్వర్, తర్వాత అరుంధతి. వేలు జారేవాళ్ళు అక్షరక్రమంలో జారరు. ఎవరో ఒకడు ఒకే పాస్‌వర్డ్ పట్టుకుని, హాజరు పిలిచినట్టు, ఒక్కొక్కరి పేరుమీదా ఒక్కసారి ప్రయత్నించి వెళ్ళాడు. గబగబా చివరిదాకా చదివి, ఉద్యోగుల జాబితాతో సరిచూసుకుంది.

"మాస్టారూ, ఇందులో శర్వాణి డాక్టరుగారి పేరొక్కటే లేదు. ఆవిడ జోలికి మాత్రం..." అనబోయి, విశాలాక్షి వైపు చూసి ఆగిపోయింది.

సర్వర్, పాస్‌వర్డ్ తప్పినవాళ్ళను ఒకచోట, లోపలికి వెళ్ళినవాళ్ళను వేరొకచోట రాసిపెడుతుంది. ఆమె పొద్దున్నుంచీ మొదటిదే చూస్తోంది. ఇప్పుడు రెండోదాని మీదికి వేలు పోయి, నొక్కలేక ఆగింది.

మాస్టారు ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నారు.

"తప్పుల్లో లేని పేరు ఎక్కడుంటుందమ్మా?" అన్నారు మెల్లగా.