ఉయ్యాలలో పొత్రం

అనగనగా ఒక ఊళ్ళో ఒక దివాణం ఉండేది. దివాణం అంటే రాజుగారి ఇల్లు. ఆ ఇంట్లో ఒక రాణిగారు. ఆవిడ పేరు నన్నడక్కు, నా నోట రాదు.

రాణిగారికి మగబిడ్డ పుట్టాడు. అందరూ చినబాబుగారు అన్నారు. అప్పుడు బిడ్డకి పాలివ్వడానికి అప్పలకొండ అనే ఆవిడని పిలిపించారు. అప్పలకొండ చంకలో పురిటిపిల్ల. పేరు పైడమ్మ.

చినబాబుకి టేకు ఉయ్యాల. నాలుగు ఇత్తడి గొలుసులు, గొలుసుకి పదమూడేసి చిలకలు. పన్నెండని ఎవరైనా అంటే నమ్మకు. పైడమ్మకి ఆ ఉయ్యాల కింద ఈతచాప. ముందు పాలు చినబాబుకి, మిగిలితే పైడమ్మకి. జోలపాట మొత్తం చినబాబుకే.

కాస్త పెద్దయ్యాక పైడమ్మ ఇంట్లో అడిగేది, "నాకూ పాడవే అమ్మా" అని. "గొంతు అరిగిపోయిందే తల్లీ, రేపు పాడతాను" అనేది అప్పలకొండ. ఆ రేపు రాలేదు.

పైడమ్మ నెలల పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి, ఉయ్యాల ఖాళీగా ఉందని తల్లి అందులో వెయ్యబోయింది. రాణిగారు చూసింది. "చాపకి పుట్టింది చాపమీదే ఉండాలి" అంది. అంతే. ఆ పిల్ల వీపు ఉయ్యాలకి తగల్లేదు.

ఆ తర్వాత రాజ్యాలు పోయాయి. చినబాబు పెద్దవాడై చెన్నపట్నం వెళ్ళిపోయాడు. దివాణాన్ని మ్యూజియం చేశారు. కత్తికి అద్దాల పెట్టె, రాజుగారి చెప్పులకి నంబరు, ఉయ్యాల చుట్టూ తాడు.

అప్పలకొండ ముసలిదైంది. ఒకరోజు కూతురి చెయ్యి పట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. వెళ్ళి చూస్తే ఏముంది? వచ్చినవాళ్ళల్లా తాడు మీంచి చెయ్యి చాపి, ఖాళీ ఉయ్యాల ఊపుతున్నారు! అయ్యయ్యో అంది అప్పలకొండ. ఖాళీ ఉయ్యాల ఊపితే అందులో పెరిగిన బిడ్డకి కడుపునొప్పి రాదూ?

అప్పుడు కాపలా గవరయ్యని బతిమాలింది. "ఊపనివ్వకు నాయనా, మా బాబుకి కడుపు నొప్పెడుతుంది."

"మీ బాబుకి యాభై దగ్గర పడ్డాయి మామ్మా! ఇప్పుడు నొప్పొస్తే ఎండుచేపల పులుసుకి రావాలి గానీ ఉయ్యాలకి కాదు" అని నవ్వాడు గవరయ్య.

రెండోసారి ఆఫీసరుగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన కళ్ళద్దాల మీంచి చూసి, "అర్జీ రాసి పట్రా" అన్నాడు. తల్లికి రాత రాదు. కూతురికి సంతకం వరకే వచ్చు. తిరిగొచ్చేశారు.

మూడోసారి అప్పలకొండ ఎవర్నీ అడగలేదు. వంటింట్లో సన్నికల్లు మీది పొత్రం తీసి, తన పాత చీరముక్కలో చుట్టింది. బారసాలనాడు బిడ్డకన్నా ముందు ఉయ్యాలలో పొత్రం వేస్తారు కదా, అలాగ. రాయి ఉంటే ఉయ్యాల ఖాళీ కాదు. ఇంక ఎవరు ఊపినా దోషం లేదు.

"ఉన్నది ఒక్కటే పొత్రం. పచ్చడి దేంతో నూరను? కడుపునొప్పి నాకు రాకూడదా ఏం?" అంది పైడమ్మ, ఉక్రోషంగా.

"నీకెందుకొస్తుందే పిచ్చిమొహమా? నీకు ఉయ్యాలే లేదు కదా" అంది అప్పలకొండ. దెప్పడానికి కాదు. ధైర్యం చెప్పడానికే అంది.

పైడమ్మ తల్లి వెనకే మ్యూజియానికి నడిచింది.

గవరయ్య టీకి వెళ్ళిన వేళ చూసి, అప్పలకొండ తాడు కింద దూరింది. రాయిని పసిగుడ్డుని వేసినట్టు వేసింది. గొలుసు పట్టుకుని ఊపుతూ, ఆ అరిగిపోయిన గొంతుతోనే అందుకుంది.

"ఊగు ఊగు ఉయ్యాల, ఊరంతా నిదరోయె,
తూగు తూగు నా తండ్రి, తూరుపు చుక్కా నిదరోయె."

పైడమ్మకి అప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. ఊహ తెలిశాక అమ్మ జోలపాట మొదటిసారి విన్నది. తాడు ఇవతల నిలబడి, రాయికి పాడితే విన్నది.

ఆ తర్వాత అప్పలకొండ పోయింది. సంవత్సరీకాలు అయ్యాక పైడమ్మ ఒక్కతే మ్యూజియానికి వెళ్ళింది. పొత్రం ఉయ్యాలలోనే ఉంది. దానికీ ఒక నంబరు. పక్కన కొత్త బోర్డు.

"ఏం రాశారు గవరయ్యా?"

"రాణిగారి పొత్రం, అని."

పైడమ్మకి ఒళ్ళు మండింది. "మీ రాణి ఏనాడైనా పచ్చడి నూరిందిరా? ఈ అంచున పెచ్చు చూడు. ఏడేళ్ళప్పుడు నేను జారవిడిస్తే ఊడింది. మా అమ్మ వీపు మీద రెండేసింది."

"బోర్డు మార్చాలంటే అర్జీ..." అంటూ మొదలెట్టి, ఆవిడ మొహం చూసి ఆపేశాడు గవరయ్య. కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడు పైడమ్మ తాడు మీంచి చెయ్యి చాపి ఉయ్యాలని ఒక్కసారి ఊపింది. ఖాళీది కాదుగా, తప్పులేదు. తనకి దక్కని ఉయ్యాల తనింటి రాయికి దక్కింది.

పైడమ్మ ఆ రాత్రి ఎక్కడ పడుకుందంటావా? ఇంకెక్కడ, చాపమీదే. కాస్త జరుగు, నాకూ చోటియ్యి. ఆ పాట నీకు కొత్త కాదు. రోజూ నీ చెవిలో నేను పాడేది అదే. తూగు తూగు నా తల్లీ...

కథ కంచికి, కునుకు కంటికి,
రాయి ఉయ్యాలకి, మనం చాపకి.