శంఖుదీవికి దొరికిన అన్నగారు

వజ్రగిరిని ఏలే రణరంగ మహారాజుకి పొద్దున్నే మేడ మీద పళ్ళు తోముకుంటూ సముద్రం చూడడం అలవాటు. ఒకనాడు వేపపుల్ల నోట్లోంచి తీసి, దూరంగా నల్లగా కనిపిస్తున్న దీవి వైపు చూపించాడు.

"అదెవరిది?"

"శంఖుదీవి ప్రభూ. ముత్తెమ్మ రాణిగారిది," అన్నాడు మంత్రి.

"రోజూ నా కంటికి కనిపిస్తుంటే ఆవిడదెలా అవుతుంది?"

మంత్రి ఆస్థాన చరిత్రకారుడు వామనభట్టుని పిలిపించాడు. ఇలాంటి ప్రశ్నలకి భట్టు దగ్గర ఎప్పుడూ జవాబుంటుంది. అది వాళ్ళ వంశవిద్య. ఈ మహారాజు తాతగారి కాలంలో, వజ్రగిరి ఏనుగొకటి ఈదుకుంటూ పోయి దీవిలో అరటితోట మేసింది కాబట్టి దీవి మనదేనని భట్టు తాత రాశాడు. తండ్రిగారి కాలంలో, ఆ దీవి మన ఒడ్డు విరిగి కొట్టుకుపోయిన ముక్కేనని భట్టు తండ్రి రాశాడు. రెండుసార్లూ యుద్ధనౌకలు బయల్దేరాయి, రెండుసార్లూ తుఫాను తిప్పికొట్టింది. తుఫాను సంగతి మాత్రం ఏ చరిత్రలోకీ ఎక్కలేదు.

"తొమ్మిది రోజులు గడువిప్పించండి ప్రభూ. ఈసారి గట్టి చరిత్ర తెస్తాను," అన్నాడు భట్టు.

పదో రోజున శంఖుదీవికి కబురు వెళ్ళింది. రాయబారిని పంపండి, మా చరిత్ర విని ఒప్పుకోండి, లేదంటే నలభై నౌకలు వస్తాయి అని. తుఫానుల కాలం కూడా వెళ్ళిపోయింది.

దీవిలో ఉన్నవన్నీ చేపల పడవలే. ముత్తెమ్మ రాణి తన దుబాసీ పైడన్నని పిలిపించింది. రెండు ఒడ్డుల మాటా తెలిసినవాడు అతనొక్కడే.

"పైడన్నా, కాదంటే ఊళ్ళు తగలబెడతారు. ఔనంటే ఊళ్ళే మనవి కావు. ఏం చేస్తావో నీ ఇష్టం."

"ముందు వెళ్ళి వింటానమ్మా," అన్నాడు పైడన్న. ఆ పూటే పడవెక్కాడు.

వజ్రగిరి కొలువు కిటకిటలాడుతోంది. సాక్ష్యానికని సామంతులందర్నీ రప్పించారు. భట్టు గొంతు సవరించుకుని చదివాడు. పూర్వం ధీరసేనుడనే రాజుకి ఇద్దరు కొడుకులట. పెద్దవాడి వంశం వజ్రగిరి. చిన్నవాడు అలిగి సముద్రం దాటాడు. వాడి వంశం శంఖుదీవి.

"కాబట్టి తమ్ముడి వంశం అన్న వంశం చెప్పుచేతల్లో ఉండాలి! దీవిలో కోట, రేవు అన్నగారికి అప్పగించాలి!"

వింటుంటే పైడన్నకి తన ఇల్లు గుర్తొచ్చింది. వాళ్ళ నాన్నా, పెదనాన్నా ఒక్క పడవ కోసం పన్నెండేళ్ళు కొట్లాడుకుని, చివరికి దాన్ని రంపంతో సగానికి కోసుకున్నారు. ఏం అడగాలో తట్టింది. కండువాతో కళ్ళొత్తుకుంటూ ముందుకొచ్చాడు.

"మహారాజా! పుట్టింటివాళ్ళంటూ ఎవరూ లేరని మా రాణిగారు ఎంత బెంగపెట్టుకున్నారో! ఇంత పెద్ద అన్నగారున్నారని ఇవాళ తెలిసింది. ఆ చరిత్ర మీద రాజముద్ర వేసి నాకో ప్రతి ఇప్పించండి."

మహారాజు మీసం దువ్వాడు. ముద్ర పడింది. పైడన్న ప్రతిని భద్రంగా బొడ్లో దోపుకున్నాడు.

"భట్టుగారూ, ఒక్క సందేహం. తమ్ముడు వెళ్ళేటప్పుడు పంపకాలు జరిగాయా?"

"పంపకాలా!" భట్టు ఛాతీ పొంగించాడు. "చారెడు నేల కూడా ఇవ్వలేదు. కట్టుబట్టలతో పోయాడు!"

"పంపకాల పత్రమేదీ రాసుకోలేదా?"

"ఎలా రాస్తారయ్యా? అసలు పంచితే కదా!"

పైడన్న మహారాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"అయితే ఆస్తి ఇంకా ఉమ్మడిదే. మా రాణిగారి సగం వాటా ఎప్పుడిప్పిస్తారు మహారాజా?"

ఒక ముసలి సామంతుడు ఉత్తరీయం నోట్లో కుక్కుకున్నాడు.

"రాజ్యం మధ్యలో నది ఉంది, గట్టు తగాదా రాదు. పెద్దవారు గనక ఏ ఒడ్డు కావాలో మీరే ముందు కోరుకోండి. మా దీవిలోనూ సగం మీకిస్తాం, న్యాయం న్యాయమే. ఆ నలభై నౌకల్లో ఇరవై మావి కాబట్టి, వెళ్ళేటప్పుడు తోలుకుపోతాను."

మహారాజు మొహం కందగడ్డయింది.

"భట్టూ! అది ఇంకోసారి చదువు."

భట్టు కాగితాలు తిప్పాడు. చెమట కారి అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

"ప్రభూ... ఇక్కడ కొంచెం చెదలు కొట్టింది. అన్నదమ్ములని చదివాను గానీ..."

"గానీ?"

"ఇరుగుపొరుగు అని ఉంది ప్రభూ."

ముసలి సామంతుడి నోట్లోంచి ఉత్తరీయం ఊడిపోయింది. కొలువు గొల్లుమంది. మహారాజు పళ్ళు బిగించి చూశాడు, ఆగలేదు, పొట్ట పట్టుకుని నవ్వాడు. పైడన్న బొడ్లోని ప్రతితో సహా పాతవి చింపించి, ఇరుగుపొరుగు అని రాయించి, దాని మీద ముద్ర తనే వేశాడు. మెడలో హారం తీసి పైడన్న మెడలో వేశాడు.

"నిజం చెప్పవయ్యా. పంపకాలు జరిగాయని భట్టు అనుంటే ఏం చేసేవాడివి?"

"ఇంకా సుఖం కదా మహారాజా. పంపకాలయ్యాక ఎవరి ఇల్లు వారిదే!"