నాలుగు చెంచాల కారం

కోటిరత్నానికి బ్యాలెన్స్ షీటు చదవడం వచ్చు. అర్థం చేసుకోవడం వచ్చో రాదో ఆ రోజే మొదటిసారి అనుమానం కలిగింది.

గుంటూరులో ఆడిటరు వెంకటప్పయ్య గారి దగ్గర ఆమె రెండేళ్ళుగా పని నేర్చుకుంటోంది. తండ్రి బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనా, తోటి కండక్టర్లూ కలిసి కూడబెట్టుకున్న ఇరవై రెండు లక్షలు ఒక మిర్చి కంపెనీకి వడ్డీకి ఇద్దామనుకుంటున్నారు. "మా అమ్మాయి చూసి సరేనంటేనే ఇద్దాం" అని తండ్రి నలుగురిలో గొప్పగా చెప్పేశాడు. సాయంత్రానికల్లా ఆమె ఏదో ఒక మాట చెప్పాలి.

మూడేళ్ళ బ్యాలెన్స్ షీట్లు ముందేసుకు కూర్చుంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. పోనీ బాగుందని చెప్పేద్దామంటే నోరు రావడం లేదు.

"మాస్టారూ, ఆస్తులు పద్దెనిమిది కోట్లు. అప్పులు ఏడు. మిగతా పదకొండూ వాళ్ళ సొంతం. రెండువైపులా పైసాతో సహా సరిపోయింది. అయినా నాకెందుకో మనసొప్పడం లేదండీ."

"మునిగిపోయే కంపెనీకి మాత్రం సరిపోదా ఏమిటి?" అన్నారాయన, చూస్తున్న ఫైలులోంచి తలెత్తకుండానే.

దాంతో ఆమెకి ఉన్న మతి కాస్తా పోయింది. సరిపోయినా మునగొచ్చంటే, ఇన్నాళ్ళూ కళ్ళు పోయేలా సరిచూసిందంతా దేనికి?

"ఆ పద్దెనిమిదిలో పెద్ద అంకె ఏదమ్మా?"

"సరుకండీ. పన్నెండు కోట్లు. కంపెనీ వాళ్ళని అడిగి, రెండు రోజులు గోడౌన్లో నిలబడి నేనే లెక్కపెట్టాను. ఇరవై వేల బస్తాలు, ఒక్కటీ తగ్గలేదు. మూడేళ్ళుగా అదే సరుకు, అదే ధర. ఎక్కడా తేడా లేదు."

ఆయన ఈసారి తలెత్తారు. "అయితే వెళ్ళి, వెనక వరస బస్తాల్లోంచి ఓ రెండు గుప్పిళ్ళు కాయలు పట్రా."

"కాయలెందుకండీ?"

"మీ పిన్నిగారు ఇంట్లో కారం నిండుకుందన్నారు."

కోటిరత్నానికి ఒళ్ళు మండింది. నాన్న టిక్కెట్లు కొట్టికొట్టి దాచుకున్న డబ్బు గురించి అడుగుతుంటే, ఈయనకి వంటింటి గొడవా! పైకి ఒక్క మాటా అనలేక ఆటో ఎక్కింది. గోడౌను గుమాస్తా ముందు బస్తాలోవి ఇవ్వబోతే, మాస్టారి మాట ప్రకారం పట్టుబట్టి వెనక వరసలోవే తీయించుకుంది. అక్కడ దీపం సరిగ్గా లేదు. పొట్లం కట్టించుకుని, దాని మొహం కూడా చూడకుండా తెచ్చి పిన్నిగారి చేతిలో పెట్టేసింది.

మధ్యాహ్నం ఆఫీసు వెనకే ఉన్న మాస్టారి ఇంట్లో భోజనం. పిన్నిగారు బంగాళాదుంపల వేపుడు వడ్డించారు. కూర పాలిపోయి ఉంది. కోటిరత్నం ఒక ముద్ద తిని ఆగింది. ఇంకో ముద్ద తింది. చప్పగా ఉంది.

కాసేపు మొహమాటపడి, "పిన్నిగారూ, కారం వెయ్యడం మరిచిపోయారేమో," అంది.

"అయ్యో, నీ మొహం! రోజూ వేసేది ఒక చెంచా. ఇవాళ రంగు రావడం లేదని నాలుగు దట్టించాను. నువ్వు తెచ్చిన కాయలేగా దంచింది!"

కోటిరత్నం మాస్టారి వైపు చూసింది. ఆయన పంచభక్ష్య పరమాన్నాలు తింటున్నంత శ్రద్ధగా ఆ కూరే కలుపుకుంటున్నారు.

"నాలుగు చెంచాలనే రాసుకో అమ్మా," అన్నారు. "ఆవిడ వేసిన మాట నిజమే."

తను ఒక్కటీ తగ్గకుండా లెక్కపెట్టిన, మూడేళ్ళుగా అదే ధరకి రాసుకొస్తున్న ఇరవై వేల బస్తాలూ కోటిరత్నం కళ్ళముందు మెదిలాయి. తర్వాత లేచి, చెయ్యి కడుక్కుని, తండ్రికి ఫోన్ చేసింది.