పూత కింద చీలలు

ఛోఫెల్‌కి భయం పట్టుకుంది. తను కట్టిన జిల్లా కచేరీ కూలిపోతుందని.

చూడబోతే కూలడానికి కారణమేమీ కనబడదు. మూడంతస్తుల భవనం, కట్టి ఏడాదైంది, ఒక్క బీట లేదు. అయినా వీధిలో గుర్రం పరిగెత్తితే చాలు, ఎదురుగా గిన్నెలో నీళ్ళు కదిలాయేమోనని చూసేవాడు. తినే ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది.

అతనిది హిమాలయాల్లో ఒక చిన్న కొండ రాజ్యం. అక్కడ ఏటా నాలుగైదుసార్లు భూమి కదులుతుంది. పూర్వం ఆ దేశంలో ప్రభుత్వ భవనాలు కట్టే పని వడ్రంగం నేర్చిన భిక్షువులదీ, వాళ్ళ శిష్యులదీ. ఛోఫెల్ గురువు రిన్జిన్ అనే ముసలి భిక్షువు. ఆయన దగ్గర పన్నెండేళ్ళు పని నేర్చాడు.

వాళ్ళు కట్టే పద్ధతి కాస్త చెప్పాలి. రాతిగోడ లేపుతూ మూరకొక వరస దూలాలు పరుస్తారు. దూలాలు కలిసేచోట ఇనుము వాడరు, చెక్క చీల దిగేస్తారు. చీల తల గోడలోంచి జానెడు బయటికి ఉంటుంది. భూమి కదిలితే గోడ కూడా కొంచెం కదిలి, మళ్ళీ తన చోటికి వస్తుంది. అలా కదిలినప్పుడల్లా కొన్ని చీలలు వదులవుతాయి. కొయ్య ఎండినా వదులవుతాయి. మా వీధి తలుపు వానాకాలంలో బిగిసిపోయి, ఎండాకాలంలో గాలికే తెరుచుకుంటుంది. మా ఆవిడ నలభై ఏళ్ళుగా దాన్ని తిడుతూనే ఉంది, అది మారలేదు. అందుకని అక్కడ ఏటా మంచు కరగగానే ఒక మనిషి కొయ్యసుత్తి పట్టుకుని బయలుదేరి, ప్రతి చీల మీదా ఒక దెబ్బ వేసుకుంటూ పోతాడు. వదులైనది డొల్లగా పలుకుతుంది. దాన్ని బిగిస్తాడు.

ఛోఫెల్ కట్టిన కచేరీలో ఆ చీలలు కనబడవు. ముందు అతనూ గురువు నేర్పినట్టే కట్టాడు. జిల్లా అధికారి వచ్చి చూసి, "ఇదేంటయ్యా, గోడ ముళ్ళపందిలా ఉంది" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఛోఫెల్ సిగ్గుపడి చీలల తలలు కోయించి, పైన సున్నం పూత వేయించి, దాని మీద మబ్బులూ తామరపూలూ రాయించాడు. అధికారి మురిసిపోయాడు. ఇంకో మూడు జిల్లాల కచేరీలు కూడా ఛోఫెల్‌కే ఇవ్వమని రాజధానికి ఉత్తరం రాస్తానన్నాడు.

ఆ మాట విన్న రోజు నుంచే ఛోఫెల్ నీళ్ళగిన్నె వైపు చూడటం మొదలుపెట్టాడు.

చివరికి ఉండబట్టలేక రెండు రోజులు నడిచి గురువు దగ్గరికి వెళ్ళాడు. భవనం పటం ఆయన ముందు పరిచాడు.

"నా లెక్కలో ఎక్కడైనా తప్పుందేమో చూడండి గురువుగారూ."

ఆయన చూశాడు. "పటం బాగానే ఉంది. పద, కచేరీ చూద్దాం."

"అంత దూరం ఎలా నడుస్తారు? మీకు మోకాళ్ళ నొప్పులు కదా."

"ఇక్కడ కూర్చున్నా నొప్పే."

వాళ్ళు చేరింది అర్జీలు తీసుకునే రోజున. కింది హాలు నిండా జనం. పొలం గట్టు తగాదాలవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, నేల మీద బారులు తీరి కూర్చున్నారు. దెచెన్ అని ఒక ముసలామె ఊడుస్తోంది. గురువు గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు.

"చూడండి గానీ చెయ్యి వెయ్యకండి సామీ," అంది దెచెన్. "మరక పడితే నన్నంటారు."

"పాత కచేరీలోనూ నువ్వే ఊడ్చేదానివా అవ్వా?"

"ముప్ఫయ్యేళ్ళు. అక్కడ చీపురుకట్టతో చీలల్ని తట్టుకుంటూ పోయేదాన్ని. ఏది వదులైందో చెవికి తెలిసిపోయేది. ఇదేమో పెళ్ళికూతురి బుగ్గలా ఉంది. దీన్ని తట్టేదెవరు?"

సరిగ్గా అప్పుడే భూమి కదిలింది. దూలాలు కిర్రుమన్నాయి. జనం వాకిట్లోకి పరిగెత్తారు. నేను కాలేజీలో పరీక్ష రాస్తుండగా ఒకసారి ఇలాగే కదిలింది. మేం కప్పు వైపు చూడలేదు, కాపలా ఉన్న లెక్చరర్ మొహం వైపు చూశాం. ఆయన కూర్చునే ఉన్నాడని మేమూ కూర్చున్నాం. భయంతో ఆయనకి కాళ్ళు ఆడలేదని తరవాత తెలిసింది. సరే, అది వేరే సంగతి.

అరనిమిషంలో అంతా ఆగిపోయింది. గోడకి చిన్న గీత కూడా పడలేదు. జనం లోపలికొచ్చి ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు.

"చెప్పులు వదిలేసి పరిగెత్తావే," అన్నాడొకడు పక్కవాడితో.

"నువ్వు పెళ్ళాన్నే వదిలేసి పరిగెత్తావు కదరా," అన్నాడు వాడు.

ఛోఫెల్‌కి ఊపిరి వచ్చింది. "నిలబడింది గురువుగారూ."

"నిలబడింది," అన్నాడాయన. సంచిలోంచి కొయ్యసుత్తి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు. "ఎన్ని వదులయ్యాయి?"

ఛోఫెల్ గోడ వైపు చూశాడు. మబ్బులు, తామరలు. మూడు వందల పైచిలుకు చీలలు తన చేత్తోనే దిగేశాడు. ఇప్పుడు ఒక్కటి ఎక్కడుందో చెప్పలేడు. ఆ గోడకే చేరగిలబడి ఒక ముసలాయన కునుకు తీస్తున్నాడు. ఆయన పక్కన ఒక తల్లి బిడ్డకి పాలిస్తోంది.

"అధికారిగారి ఉత్తరం ఎల్లుండి వెళ్తుంది," అన్నాడు. "అది వెళ్ళాక ఈ పూత తీయించేస్తాను."

గురువు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వంగి, ఆ ముసలాయన పక్కనే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళు చాపుకున్నాడు.

"సరే. ఎల్లుండి దాకా ఇక్కడే ఉంటాను."

"ఇక్కడొద్దు," అన్నాడు ఛోఫెల్ గబుక్కున. "బయట ఎండలో కూర్చోండి."

"వీళ్ళంతా ఇక్కడే ఉన్నారుగా."

ఛోఫెల్ జనం వైపు తిరిగి, "అందరూ లేచి వాకిట్లో కూర్చోండి" అన్నాడు.

"మళ్ళీ కదిలిందా అయ్యా?"

"లేదు. లేవండి."

అందరూ వెళ్ళాక గురువు కూడా లేచి పక్కకి జరిగాడు. ఛోఫెల్ గోడ మధ్యలో ఉన్న పెద్ద తామర మీద కొట్టాడు. రెండో దెబ్బకి పూత పెళ్ళలుగా రాలింది. దూలం బయటపడింది. ఇంకో చేరెడు మేర రాల్చాక చీల కనబడింది. దాన్ని వేలితో నొక్కాడు. అది లోపలికి జారిపోయింది.

చప్పుడు విని అధికారి మేడ దిగి వచ్చాడు. నేల మీద రాలిపడ్డ తామర రేకుల్ని చూశాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"చీలలు వెతుకుతున్నానండి," అన్నాడు ఛోఫెల్. పక్కకి తప్పుకుని ఆ కన్నం చూపించాడు.

అధికారి దగ్గరికొచ్చి తనూ వేలు పెట్టి చూశాడు. వేలు కణుపు దాకా దిగింది. కప్పు వైపు చూశాడు, వాకిట్లో జనం వైపు చూశాడు.

"ఈ పని ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

ఛోఫెల్ గురువు వైపు చూశాడు.

"ఇందులో జనం కూర్చున్నన్నాళ్ళూ," అన్నాడు గురువు.