వరదయ్యగారి బూట్లు

విమానాశ్రయం తనిఖీ గేటు దగ్గర తిరుపాలు రెండేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. గేటు బాధ్యత సొంతంగా చేతికి రావాలంటే వరదయ్యగారు కాగితం మీద సంతకం పెట్టాలి. ఆయన పెట్టడం లేదు.

వరదయ్యగారు ముప్పై ఏళ్లుగా ఆ పనిలో ఉన్న మనిషి. విసుగంటే ఏంటో ఎరగరు. వెయ్యో ప్రయాణికుణ్ణి కూడా మొదటివాణ్ణి చూసినంత శ్రద్ధగా చూస్తారు. ఆయనంటే తిరుపాలుకి ప్రాణం. అయినా ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడు.

"నాలో ఇంకా ఏం లోపముంది సార్? ఈ రెండేళ్లలో నన్ను దాటి అగ్గిపుల్ల కూడా పోలేదు."

"నిజమే. నీ అంత చురుకైన చేతులు నేను చూడలేదు," అన్నారాయన. సంతకం మాత్రం పెట్టలేదు.

వారం తర్వాత వరదయ్యగారు సెలవు మీద ఊరెళుతూ, మామూలు బట్టల్లో, అందరితోపాటు వరసలో నిలబడ్డారు. తిరుపాలు ముఖం వెలిగిపోయింది. గబగబా వంగి, రెండు చేతులూ ఆయన బూట్లకు తాకించి కళ్లకద్దుకున్నాడు.

"మీకు తనిఖీ ఏంటి సార్? వెళ్లిరండి."

వరదయ్యగారు గేటు దాటి, అవతల బల్ల మీద కూర్చుని కుడి బూటు విప్పారు. లోపలి అట్ట ఎత్తి, పల్చటి మైనం ముద్ద ఒకటి బయటికి తీశారు. తనిఖీవాళ్లకు పరీక్ష పెట్టడానికి వాడే ఉత్తుత్తి బాంబు అది. తిరుపాలుని దగ్గరికి పిలిచి దాన్ని అతని అరచేతిలో పెట్టారు.

తిరుపాలు దానికేసి చూశాడు. ఆ బూట్ల మీద చేతులు పెట్టింది తనే. అద్దాల అవతల జనం పిల్లల్నెత్తుకుని విమానమెక్కుతున్నారు. అటొకసారి చూసి, ఆ ముద్దను బల్ల మీద పెట్టి, గేటు దగ్గరికి తిరిగొచ్చాడు.

వరదయ్యగారు బూటు తొడుక్కుని వెనక్కి నడిచి, మళ్లీ వరస చివర నిలబడ్డారు.

ఆయన వంతు వచ్చింది.

"చేతులు చాపండి సార్," అన్నాడు తిరుపాలు. చాపారు. భుజాల నుంచి కిందిదాకా తడిమాడు.

"బూట్లు విప్పండి."

"పెద్దాయన చేత బూట్లు విప్పిస్తావేం బాబూ?" అంది వెనకనున్న ఆవిడ.

తిరుపాలు తలెత్తలేదు. నేల మీద కూర్చుని, ఒక్కో బూటు లోపలికీ వేళ్లు పోనిచ్చి, అట్ట ఎత్తి, మడమ నొక్కి చూశాడు.

వరదయ్యగారు జేబులోంచి కలం తీశారు.

"ఇప్పుడు పెట్టావురా దణ్ణం."