కంచుగిన్నె శ్రుతి

ఈ కథను నేను తంబురాలు బాగుచేసే ఒక వృద్ధుని వద్ద విన్నాను. మా తంబురాకు తీగ మారుస్తూ, వాక్యానికీ వాక్యానికీ నడుమ ఆగుతూ, ఆయన చెప్పారు. ఆయనకు నాయనమ్మ చెప్పిందట. విన్నది విన్నట్టే మీకు అప్పగిస్తున్నాను.

రాజులు సైతం బడి గడప ముందు చెప్పులు విడిచే కాలంలో, మణిమేడ అనే నగరం ఉండేది. అక్కడి సంగీత పాఠశాలలో పన్నెండు మొదలు పదిహేనేళ్ల వరకు వయసున్న పిల్లలు చదివేవారు. వకుళమ్మగారు గురువు. ఏటా పరీక్షించేవారు ఆస్థాన విద్వాంసులు శంభుశాస్త్రిగారు.

ఆయనది ఒక పద్ధతి. పాడే పిల్లలకు తప్పు దొర్లినప్పుడల్లా కంచుగిన్నెలో ఒక చింతగింజ వేసేవారు. గిన్నె ఖంగుమనేది. పది గింజలు పడితే ఆ ఏడు తప్పినట్టే. మూడేళ్లు తప్పితే పాఠశాల విడిచి వెళ్లాలి.

కుమ్మరివారి పిల్ల కుందనకు పాటే లోకం. తంబురా తీగ వెంట్రుకవాసి దిగినా ఆమె చెవి పసిగట్టేది.

మొదటి ఏడు పరీక్షలో ఒకచోట తడబడింది. గింజ పడింది. గిన్నె మోగగానే ఆమె గొంతు శ్రుతి తప్పింది. మరో గింజ, మరో తప్పు. పదీ నిండాయి. చెవి మందమైన పిల్లలు అనాయాసంగా గట్టెక్కారు.

"కుండల నడుమ పుట్టి, గిన్నెకు జడుస్తావేమే?" అని తోటివారు వేళాకోళమాడారు.

రెండో ఏడూ అంతే అయింది. అప్పుడు వకుళమ్మగారికి అసలు సంగతి తెలిసింది. గిన్నె నాదం తంబురా కంటె రవ్వంత పైన ఉంది. ఆ పిల్ల గొంతు తంబురాను విడిచి గిన్నెతో కలుస్తోంది. గిన్నెలో గుడ్డ పరచమని ఆమె శాస్త్రిగారిని వేడుకున్నారు.

"అమ్మా, నలభై ఏళ్లుగా ఈ గిన్నె అందరికీ ఒకేలా మోగింది. ఒక్క పిల్ల కోసం దాని నోరు నొక్కమంటారా?" అన్నారాయన.

మూడో ఏడు కుందన కళ్లు మూసుకుని పాడింది. తొమ్మిది గింజలు పడ్డాయి. పదోది ఆయన వేళ్ల మధ్య ఉండగానే, ఆమె పాట ఆపి, నమస్కరించి, వెళ్లిపోయింది.

ఆ గింజ ఆయన చేతిలోనే మిగిలింది. సాయంత్రం దాన్ని గిన్నెలో వేసి, పక్కనే తంబురా మీటి విన్నారు. రెండూ కలవలేదు. ఆయన తలవంచుకుని కుమ్మరివాడకు నడిచారు.

"రా తల్లీ. తప్పు గిన్నెది. ఇక అది మోగదు."

కుందన మట్టి చేతులతో లేచి నిలబడింది. "నా లోపల మోగుతోందండీ, అయ్యగారూ. పాడబోతే చాలు."

శాస్త్రిగారు మళ్లీ పరీక్ష పీట ఎక్కలేదు. గిన్నెను పాఠశాల పెరట్లో పక్షులకు నీళ్లు పోసే పాత్ర చేశారు. వకుళమ్మగారు చివరిదాకా అక్కడే పాఠం చెప్పారు. పాట ముగిశాకే తప్పు దిద్దేవారు. కుందన పెద్దదై, ప్రతి ఉదయం వచ్చి పాఠశాల తంబురాలన్నిటినీ శ్రుతి చేసి వెళ్లేది. ఆమె పాటను మాత్రం మళ్లీ ఎవరూ వినలేదు.

కాబట్టి, ఇతరులను కొలిచేవారు ముందుగా తమ కొలతను పరీక్షించుకోవాలి. ఆలస్యంగా దిద్దిన కొలత, పోయిన పాటను తిరిగి తీసుకురాదు.